హాల్‌టికెట్లు ఐదింటి వరకే

నాలుగూ ఇరవై. మూడో ప్రశ్న చదవమంటోంది అమ్మడు. చదువుతున్నాను. అంటే నోరు చదువుతోంది, కళ్ళు మాత్రం దాని నెత్తి మీదుగా గోడ గడియారాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. బొమ్మలు ప్రదర్శనకి పెట్టే ఒక పెద్ద భవనంలో ఒక కాపలావాడు ఉన్నాడట, ముప్ఫై ఏళ్ళు ఒకే బొమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడట, జనం వైపు మొహం, బొమ్మ వైపు వీపు. రిటైరయ్యే రోజున ఎవరో చిన్నపిల్ల వచ్చి ఆ బొమ్మలో ఏముందని అడిగితే చెప్పలేక నీళ్ళు నమిలాడట. ఇంగ్లీషు పేపర్లో చూడని పాఠం ఇస్తారే, అదన్నమాట, కింద ఐదు ప్రశ్నలు. మూడోది, అతను ఒక్కసారి కూడా వెనక్కి ఎందుకు తిరిగి చూడలేదు, సొంత మాటల్లో రాయండి. వాడెందుకు చూడలేదో నాకేం తెలుసు, నా గొడవ నాకుంది. తలుపుకి గొళ్ళెం బయట, గొళ్ళేనికి తాళం బయట, తాళంచెవి మా ఆయన జేబులో, మా ఆయన ఊరి ఆ చివర ఏదో లిఫ్టు దగ్గర. ఇంకో నలభై నిమిషాల్లో నేను అమ్మడి బడి ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఉండాలి. ఇక్కణ్ణించి నడిస్తే ఇరవై నిమిషాలు. అమ్మడు పెన్సిలు కొరుకుతోంది. జవాబు చెప్పనా అంటోంది. చెప్పు అన్నాను.

పరీక్షలొస్తే మా ఇంట్లో ఇదీ పద్ధతి. సెలవిచ్చిన ప్రతి రోజూ మూడింటికి పిల్లనీ నన్నూ లోపల పెట్టి బయట తాళం వేస్తాడాయన. చిన్నప్పుడు ఆయన్ని వాళ్ళ నాన్న అలాగే పెట్టేవాడట, అలా పెట్టబట్టే గట్టెక్కాడట. మరి నన్నెందుకయ్యా లోపల పెట్టడం అంటే, పిల్ల నిద్రపోకుండా, కిటికీలోంచి ఎదురింటి పిల్లతో సైగలు చేయకుండా చూడాలట. రెండు ఫోన్లూ ఆయనే పట్టుకుపోతాడు, ఫోనున్న ఇంట్లో చదువుండదని. గంట కాగానే నేను తలుపు మీద మూడుసార్లు కొట్టాలి, కింద దర్జీ బాబాయి కొట్లో కబుర్లలో మునిగిన మనిషి మెట్లెక్కి వచ్చి తాళం తీస్తాడు. నేను కొట్టిందే టైము, ఆయన వాచీ చూసుకునే పాపాన పోడు. లిఫ్టుల మెకానిక్కు కదా, ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా ఈయనకే ఫోను. ఇవాళ తాళం వేసిన పావుగంటకే వచ్చింది. మెట్ల మీంచే కేకేశాడు, కొత్త బిల్డింగులో ఎవరో ముసలావిడ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, పది నిమిషాల్లో వచ్చేస్తా అని. తాళం తీసి వెళ్ళండీ అంటూ నేను లేచి తలుపు దాకా వెళ్ళేలోపే బండి స్టార్టయింది. మా ఆయన పది నిమిషాలు ఎంత పొడుగుంటాయో ఈ వీధిలో అందరికీ తెలుసు. ముసలావిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు, పాపం ఆవిడకి గాలి ఆడుతోందో లేదో.

దానికి తోడు నా నిద్ర ఒకటి. పొద్దున ఆరింటికి ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కి రెండింటికి దిగిన ఒళ్ళు. బండి చప్పుడు వీధి మలుపు తిరగగానే ఎలాగూ వస్తాడులే అని గోడకి ఆనుకున్నాను, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాననే అనుకున్నాను. తెరిచేసరికి నాలుగు. ముప్పావుగంట పోయింది. కాపలా కూర్చున్నదాన్ని నేనే గుర్రు పెట్టానన్నమాట. అమ్మడు మాత్రం ఎన్నడూ లేనంత బుద్ధిగా పుస్తకంలో తల దూర్చి కూర్చుంది. లేపొద్దటే అంటే, పాపం అలిసిపోయావని లేపలేదు అంది. గంట అయిపోయింది కదా, ఇక ఆపేద్దామా అని కూడా అడిగింది. మీ నాన్న వచ్చేదాకా చదవాల్సిందే అన్నాను. ఎందుకన్నానంటే చదవాల్సింది దానికన్నా నాకు ఎక్కువ. అది పైకి చదువుతుంటే నేను వింటాను, నేను ప్రశ్న అడిగితే అది జవాబు చెబుతుంది, నేను మెల్లిగా ఇంకోసారి చెప్పు, తొందరపడకు, అంటాను. ఎంత ఓపికో మా అమ్మకి అనుకుంటుంది. మూడు నెలలుగా ఇదే నాటకం. కంచె చేను మేయడం అంటే ఇదే కాబోలు.

హాల్‌టికెట్టు అమ్మడిది కాదు. దానిది వచ్చి పదిరోజులైంది, బీరువాలో పట్టుచీర మడతలో ఉంది. ఇది నాది. రేపు పొద్దున అది రాసే ఇంగ్లీషు పరీక్షే నేనూ రాయాలి, ప్రైవేటుగా, వేరే సెంటర్లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే, నేనూ, ఆ బడి ఆఫీసు గుమాస్తా. ప్రైవేటువాళ్ళ హాల్‌టికెట్లు వారం నుంచీ ఆయన టేబులు సొరుగులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వెళ్ళి తెచ్చుకోకుండా ఏం చేస్తున్నావంటే ఏం చెప్పను, అదే బళ్ళో నా కూతురు చదువుతోంది, ఆఫీసు కిటికీ ఎదురుగానే దాని క్లాసు. నన్ను చూస్తే అమ్మా ఎందుకొచ్చావని పరిగెత్తుకు రాదూ. ఇవాళ పిల్లలకి సెలవు, ఆఫీసు మాత్రం ఉంటుంది, నాకు దొరికిన రోజు ఇదొక్కటే. ఐదు దాటితే మిగిలినవన్నీ మూట కట్టి వెనక్కి పంపేస్తాం, తర్వాత వచ్చి నన్నడగొద్దు అని గుమాస్తా ముందే చెప్పాడు. తలుపు ఎలాగూ నాలుగింటికి తీస్తాడు కదా, కూరగాయలకని సంచీ పట్టుకుని బయటపడదాం అని లెక్క వేసుకున్నాను. లెక్క బాగానే వేశాను. సంచీ అదిగో, తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది.

నాలుగూ ముప్ఫై. ఇప్పుడు వ్యాకరణం. కర్తని చెప్పకుండా వాక్యం తిప్పి రాయడం. తలుపు మూయబడింది. ఎవరు మూశారో చెప్పక్కర్లేదు, మార్కులు పోవు. ఎంత సుఖమైన భాష. ఫలితం దాచబడింది. మా నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపరు, నిమిషం తేడా వస్తే డ్రైవర్ల మీద విరుచుకుపడే మనిషి, జన్మలో ఒక్కసారి అబద్ధమాడాడు, అది నా గురించి. ఫలితాలు చూడ్డానికి బడికి వెళ్ళాడు, నా నంబరు లేదు. తిరిగొస్తుంటే గేటు దగ్గర పెద్దనాన్న ఎదురయ్యాడు. పెద్దనాన్న కూతురు అంతకు ముందేడే మంచి మార్కులతో పాసైంది. ఏరా పిల్ల సంగతి అనగానే నాన్న నోట్లోంచి పాసే అన్న మాట జారిపోయింది. నాన్న ఇంట్లోకి వచ్చేసరికి వెనకే పెద్దనాన్న, పెద్దమ్మ, చేతిలో మిఠాయి పొట్లం. మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూడకుండా చెప్పాడు, ఇంగ్లీషు పోయింది, ముప్ఫై ఒకటి, నోరు మెదపకు. నాలుగు మార్కులు. బయటికి తీసుకెళ్ళి నిలబెట్టారు, పెద్దనాన్న నా నోట్లో మిఠాయి పెట్టాడు, నమిలి మింగాను. మళ్ళీ రాయిద్దాంలే అన్నాడు నాన్న తర్వాత. పాసైన పిల్ల పరీక్ష హాలుకి వెళ్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు. ఈ ఏడు కాదు, పై ఏడు. పై ఏడు కాదు, ఆ పై ఏడు. ఇంతలో ఈ సంబంధం వచ్చింది, పది పాసైన పిల్ల కావాలన్నారు, నాన్న సరేనన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. మా నాన్న అతికించినది ఇరవై ఒక్కేళ్ళయినా ఊడలేదు, నాన్న పోయినా ఊడలేదు. నాన్న మీద కోపం వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి గుర్తొస్తుంది, కోపం అక్కడే ఆగిపోతుంది.

ఇన్నేళ్ళూ అవసరం పడలేదు కనక సరిపోయింది. ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనికి సర్టిఫికెట్టు ఎవడడుగుతాడు. ధోబీఖానా నుంచి వచ్చిన దుప్పట్లు వేడివేడిగా ఉండగానే విడదీయాలి, వార్డు ముద్ర పైకి కనపడేలా మడవాలి, చిరిగినవి పక్కన పెట్టాలి, మరకలు పోనివి వెనక్కి పంపాలి. పద్నాలుగేళ్ళ నుంచి అదే పని. వార్డుల పేర్లన్నీ ఇంగ్లీషులోనే, అన్నీ చదువుతాను, రాస్తాను, చీటీలు నింపుతాను. పరీక్షలో దుప్పట్ల మీద వ్యాసం అడిగితే నూటికి నూరు తెచ్చుకుందును. మా గది పెద్దావిడ రెండు నెలల్లో రిటైరవుతోంది. ఆవిడ కుర్చీలోకి నేనే రావాలని ఆవిడా అంది, పైవాళ్ళూ అన్నారు. ఒక్క కాగితం తెచ్చుకోమ్మా, పది పాసైన సర్టిఫికెట్టు, ఉందిగా, అన్నారు. ఉందిగా. ఇంట్లో చెప్తే మా ఆయన నాకన్నా సంబరపడి, ఏదీ తీసుకురా, జిరాక్సు నేనే తీయిస్తా అన్నాడు. అన్నయ్య వాళ్ళింట్లో పాత ట్రంకుపెట్టెలో ఉండిపోయిందన్నాను. ఐదు నెలలుగా అన్నయ్య వెతుకుతూనే ఉన్నాడు. పాపం అన్నయ్యకి ఆ సంగతే తెలీదు. తప్పిన ఒక్క సబ్జెక్టూ రాస్తే చాలు అని గుమాస్తా అన్న రోజున, అదీ పిల్లలకి సెలవు రోజే, ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుండిపోయాను, నాకే ఆశ్చర్యం, ఇంత తేలికా అని. తేలిక అట. ఈ నాలుగు గోడలూ చూస్తే తెలుస్తుంది ఎంత తేలికో.

వ్యాకరణం అయింది, మళ్ళీ ఆ మూడో ప్రశ్నకే వచ్చి అమ్మడు చెబుతోంది, కాపలావాడు వెనక్కి తిరగకపోవడానికి కారణం అతనికి బొమ్మని కాదు, మనుషుల్ని చూడమని జీతమివ్వడమేనట. బాగా చెప్పావు అన్నాను. నిజంగానే బాగా చెప్పింది. నిజమా అని నా మొహంలోకి చూసింది. ఇంగ్లీషులో మెచ్చుకుంటే నమ్మదు ఈ పిల్ల. ఎందుకు నమ్మదో నాకు తెలుసు, ఆ ఘనకార్యం కూడా నాదే. అది ఆరో క్లాసులో ఉండగా అమ్మా నీకు పదిలో ఇంగ్లీషుకి ఎన్ని వచ్చాయి అని అడిగింది. ఆ రోజు ఆడవాళ్ళ వార్డుకి పంపిన దుప్పట్లు డెబ్బై ఒకటి, అదే నోటికొచ్చింది. డెబ్బై ఒకటి అన్నాను. అంతే, ఇంక ఆ అంకె ఇంట్లో ఒక మనిషిలా తిరగడం మొదలుపెట్టింది. నాన్నకి చెప్పింది, ఆయన వీధంతా చెప్పాడు. ప్రతి పరీక్షకీ అది మార్కులు తెచ్చి ముందు డెబ్బై ఒకటిలోంచి తీసేసుకుంటుంది, మిగిలినది ఎంతో చూసుకుంటుంది, అప్పుడు నాకు చూపిస్తుంది. మొన్న బళ్ళో పెట్టిన ఆఖరి పరీక్షలో యాభై రెండు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది. పక్కన కూర్చుని ఓదార్చాను. ఒక్క మాట చెబితే తీరిపోయేది దాని ఏడుపు. నోటిదాకా వచ్చింది కూడా.

నాలుగూ నలభై ఐదు. ఇప్పుడు బయటపడినా పరుగే. కిటికీ దగ్గరికి వెళ్ళాను, గాలికి అన్నట్టు. కింద దర్జీ బాబాయి మిషను ఆగకుండా తిరుగుతోంది. ఒక్క కేకేస్తే తలెత్తుతాడు. ఏమని కేకేయను. డ్యూటీ ఉందంటే, రెండింటికి దిగి వచ్చావు కదా అంటాడు, నేను రావడం చూసినవాడే. గ్యాసు వాసనొస్తోందంటే బిల్డింగు మొత్తం రోడ్డెక్కుతుంది. పిల్లకి ఒంట్లో బాగాలేదంటే, పిల్ల నా వెనకే ఉంది, నాకేమైంది అంటుంది. ఏ అబద్ధం ఆడాలన్నా అది దీని చెవుల మీదుగా పోవాలి. తాళం తలుపుకి కాదు, ఈ పదిహేనేళ్ళ పిల్లే నాకు తాళం. దొంగకి తేలు కుట్టినట్టు ఉంది నా పని, నొప్పి పుడుతోంది, కేక మాత్రం వేయకూడదు. తలుపు మూడుసార్లు కొట్టాను, ఊరికే. మూడుసార్లు కాదు, అరచెయ్యి మండేదాకా కొట్టాను. అమ్మా నాన్న లేరు కదా అంది అమ్మడు. నాకూ తెలుసు అన్నాను, కసురుకున్నాను. అది పుస్తకంలోకి తల దించుకుంది. ఆ వంగిన మెడ చూస్తే జాలేసింది, కసిరింది దాన్ని కాదని చెప్పాలనిపించింది, చెప్పలేదు. నాలుగో ప్రశ్న చదివాను. ఆ కాపలావాడు సుఖంగా బతికాడని మీరు అనుకుంటున్నారా. అక్షరాలు కనపడుతున్నాయి, మాటలు అవుతున్నాయి, ఒక్కదానికి కూడా అర్థం లోపలికి దిగడం లేదు. అప్పుడు కూడా ఇలాగే జరిగింది, పదహారేళ్ళప్పుడు, ఆ హాల్లో. నాకు రాక కాదు. భయానికి మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. చూడని పాఠంలో ఉన్న వాక్యాలే ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసేశాను, చేతిరాత మాత్రం ముత్యాల్లా రాశాను.

ఐదు. పెద్దముల్లు పన్నెండు మీద నిలబడింది. నేను దాన్నే చూస్తున్నాను, కదులుతుందేమో, వెనక్కి వెళ్తుందేమో అని కాదు, ఊరికే. ఇప్పుడు గుమాస్తా సొరుగు లాగుతున్నాడు. రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. నా ఫోటో ఉన్న కాగితం మూటలోకి పోతోంది. పై ఏడు. పై ఏడుకి ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు, నాకు దుప్పట్లు విడదీయమని చెబుతారు, సరేనండీ అంటాను. సర్టిఫికెట్టు ఏదంటే అన్నయ్య ఇంకా వెతుకుతున్నాడని మా ఆయనకి చెబుతాను. అమ్మడు పెద్దదవుతుంది, పెళ్ళవుతుంది, దాని పిల్లలకి మీ అమ్మమ్మకి డెబ్బై ఒకటి అని చెబుతుంది. చచ్చాక కూడా నాకు డెబ్బై ఒకటే. పుస్తకం మూసేశాను. ఇంక చాలు అన్నాను. నాన్న వచ్చేదాకా అన్నావుగా అంది. నా హాల్‌టికెట్టు పోయిందే అన్నాను. ఏ హాల్‌టికెట్టు అంది. అప్పుడు మొదలుపెట్టాను, పుస్తకం అట్ట వైపు చూస్తూ, దాని మొహం వైపు చూడకుండా, గుమాస్తా, సొరుగు, దుప్పట్ల గది, అన్నయ్య ట్రంకుపెట్టె, తాతయ్య, గేటు దగ్గర పెద్దతాతయ్య, అన్నీ తిరగబడి వచ్చాయి, చివర జరిగింది ముందు, ముందు జరిగింది చివర. ఆపడం నా చేతుల్లో లేకపోయింది.

"మరి డెబ్బై ఒకటి?" అంది.

"ముప్ఫై ఒకటి."

కింద మిషను తిరుగుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. అరుస్తుందేమో అనుకున్నాను, అరవలేదు. పెన్సిలు నేల మీద పెట్టి, దొర్లిపోకుండా వేలితో ఆపి, నెమ్మదిగా అంది.

"నాకు యాభై రెండు వచ్చిన రోజు నా పక్కన కూర్చుని ఏమన్నావో గుర్తుందా? పర్లేదులే, అందరికీ డెబ్బై ఒకటి రావాలని ఎక్కడుంది, అన్నావు."

అన్నాను. ఇప్పుడు గుర్తొచ్చింది, వీపు మీద చెయ్యి వేసి మరీ అన్నాను. ఓదార్చాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. మా నాన్న నన్ను ఒక అబద్ధంలో పెట్టి బయట గొళ్ళెం వేశాడని కదా నా ఏడుపు, నేను చేసిందేమిటి మరి. క్షమించమని అడగాలి. కూతుర్ని ఎలా అడుగుతారో నాకు తెలీదు, మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. తప్పయిపోయిందే అన్నాను, అంతే వచ్చింది. అది నా వైపు చూడలేదు. గడియారం వైపు చూసింది. చూసి, ఇంకా ఐదు కాలేదు అంది.

"నువ్వు నిద్రపోయినప్పుడు ముల్లు నేనే జరిపాను, నలభై నిమిషాలు ముందుకి. నువ్వు నిజంగా ఐదు నిమిషాలే పడుకున్నావు."

గంట అయిపోయిందంటే పుస్తకం మూయొచ్చని జరిపిందట. ఎక్కువ జరిపానని తర్వాత భయం వేసి ఊరుకుందట. అంటే ఇప్పుడు నాలుగూ పాతిక. అంటే గుమాస్తా ఇంకా సొరుగు లాగలేదు. దీన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. నేను ఎవరి మీద కోప్పడను, నా ఇంట్లో నా పిల్ల ఒక గడియారం ముల్లు జరిపింది, నేను ఇరవై ఒక్కేళ్ళు జరిపాను. అమ్మడే ముందు తేరుకుంది. నాన్నకి ఫోన్ చేయించినా ఆ చివర నుంచి రావడానికి అరగంట పడుతుంది, గొళ్ళెం మరలు బయటి వైపే ఉన్నాయి, దర్జీ తాతయ్య దగ్గర మిషను స్క్రూడ్రైవరు ఉంటుంది, నాలుగు మరలు విప్పితే చాలు, అని గడగడా చెప్పింది. లిఫ్టు మెకానిక్కు కూతురు అనిపించింది. అయితే నువ్వే పిలువు, కడుపులో నొప్పని చెప్పు, అన్నాను. అలవాటైన నోరు కదా, అలాగే అంటుంది.

"నాకు కడుపునొప్పి లేదు. నువ్వే పిలు. ఉన్నది చెప్పు."

కిటికీ ఊచలు పట్టుకున్నాను. బాబాయ్ అని పిలిచాను, రెండోసారికి మిషను ఆగింది, తల పైకెత్తాడు. కాస్త పైకొచ్చి గొళ్ళెం విప్పుతారా అన్నాను. నవ్వాడు, వచ్చేస్తాడులేమ్మా, పిల్లకి రేపు పరీక్ష కదా, చదువుకోనీ అని మళ్ళీ బట్ట కింద చెయ్యి పెట్టాడు. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఒకత్తి, ఇస్త్రీ కొట్టు అతను, పాల ప్యాకెట్లు పట్టుకుని ఎదురింటావిడ, అందరూ అక్కడే ఉన్నారు. వెనక్కి చూశాను. అమ్మడు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పరీక్ష నాకు కూడా బాబాయ్ అన్నాను. మిషను చప్పుడులో ఆయనకి వినపడలేదు, ఎవరికీ అని అడిగాడు, మిషను ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"నాకు. పదో తరగతి ఇంగ్లీషు. నేను పాసవలేదు బాబాయ్, తప్పాను. ఐదింటి లోపు హాల్‌టికెట్టు తెచ్చుకోవాలి."

వీధి మొత్తం నా వైపు చూసింది. ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగిపోయింది. నేను పడిపోతానేమో అనుకున్నాను, ఊచలు వదలలేదు కనక పడలేదు. ఎదురింటావిడ నోరు తెరిచింది, ఏమందో నాకు వినపడలేదు. బాబాయి మిషను కింద సొరుగులోంచి ఏదో తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, మెట్ల వైపు నడిచాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కో మెట్టూ ఎక్కడం వినపడుతోంది. తర్వాత తలుపు అవతల స్క్రూడ్రైవరు గీరుకున్న చప్పుడు. మొదటి మర తుప్పు పట్టిందన్నాడు. అమ్మడు నా చెప్పులు తెచ్చి తలుపు ముందు పెట్టింది, సంచీ తెచ్చి చేతికిచ్చింది, అందులో పెన్ను వేసింది, సంతకం చేయాలంటారేమో అంది. కోపం పోలేదు దానికి, మొహం అలాగే ముడుచుకుని ఉంది, పనులు మాత్రం చకచకా చేస్తోంది. మొదటి మర ఊడింది. రెండోది తేలిగ్గా వచ్చింది. మూడోది తిరుగుతుండగా అడిగింది, ముప్ఫై ఒకటని తెలిసిన రోజు నువ్వెంతసేపు ఏడ్చావు అని.

"ఏడవలేదు," అన్నాను. "ఇంటి నిండా జనం. పాసైన పిల్ల ఏడిస్తే ఎందుకని అడుగుతారు కదా."

ఆ మాట అనడమే ఆలస్యం, ఎక్కణ్ణించి వచ్చిందో, పొట్టలోంచి తన్నుకుని వచ్చింది. సంచీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, ముక్కు కారుతూ, చప్పుడు చేస్తూ, పదహారేళ్ళ పిల్ల ఏడ్చినట్టే. ఆపుకుందామని చూశాను, ఎందుకు ఆపుకోవాలో గుర్తు రాలేదు. అమ్మడు పక్కనే నిలబడింది, పట్టుకోలేదు, దూరంగానూ జరగలేదు. గొళ్ళెం తాళంతో సహా ఒక పక్కకి వేలాడింది, తలుపు తెరుచుకుంది, బాబాయి నా మొహం చూసి అయ్యో తాళం వేస్తేనే ఇంత భయపడ్డావా తల్లీ అన్నాడు. నేను ఆయన పక్కనుంచి దూరి మెట్లు దిగాను. ఇస్త్రీ అతను దారి వదిలాడు. ఎవరేమంటున్నారో నాకు అక్కర్లేదు, టైము నాలుగున్నరో, నలభైయ్యో, ఏడుపు మాత్రం ఆగడం లేదు, కళ్ళకి దారి సరిగ్గా కనపడటం లేదు. పైనుంచి, కిటికీ ఊచల్లోంచి, అమ్మడి గొంతు వీధి మొత్తానికీ వినపడింది.

"అమ్మా, ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు పరిగెత్తు."

రెండూ చేస్తున్నాను.